తాతయ్య క్యాసెట్లు, నా షెల్ స్క్రిప్ట్: 209 ఆడియో ఫైళ్ళు కన్వర్ట్ చేసి నేర్చుకున్న పాఠం

"ఏరా, ఇందులో చివర మీ తాతయ్య నన్ను పిలుస్తారు కదా, అది లేదేంటి?"

ఫోన్‌లో మా నాయనమ్మ అడిగిన ప్రశ్న ఇది. నేను విజయవాడలో, ఆవిడ ఊళ్ళో. పంపించిన ఫైల్ నేను కూడా ఓపెన్ చేసి విన్నాను. 21వ నిమిషంలో, హరిదాసు గారి మాట ఇంకా పూర్తి కాకుండానే, ఆడియో ఆగిపోయింది. ఆ క్యాసెట్ ఒక వైపు 45 నిమిషాలు. సర్లే, ఒరిజినల్ వేవ్ ఫైల్ ఉంటుందిగా అని ఫోల్డర్ తెరిచాను. ఖాళీ. వారం కిందట నేనే, నా స్క్రిప్ట్‌తోనే డిలీట్ చేశాను.

ఎక్కువ ఆడియో ఫైళ్ళని ఒకేసారి, త్వరగా ఎలా కన్వర్ట్ చేయాలో చెప్పే ఆర్టికల్ ఇది. కానీ ముందు నేను ఎక్కడ బోల్తా పడ్డానో చెప్పకపోతే మీరు కూడా అక్కడే పడతారు. ఒక మాట: కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి.

ట్రంకు పెట్టెలో 112 క్యాసెట్లు

మాది మొవ్వ దగ్గర ఒక పల్లెటూరు. మొవ్వ అంటే క్షేత్రయ్య ఊరు, పక్కనే కూచిపూడి. తాతయ్య స్కూల్ మాస్టారు. ఆయనకి ఉన్న ఒకే ఒక్క పిచ్చి టూ-ఇన్-వన్. శ్రీరామనవమి పందిట్లో హరికథ అయినా, చుట్టుపక్కల భాగవతం ఆడినా, దాన్ని సంచిలో పెట్టుకుని సైకిల్ మీద వెళ్ళిపోయేవారట. పొద్దున పూట రేడియోలో భక్తిరంజని వస్తుంటే రికార్డ్ బటన్ నొక్కేవారు.

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ లాంటి వాళ్ళు పనిచేసిన స్టేషన్ అది. రేడియోలో వచ్చినవాటికి ఆకాశవాణి ఆర్కైవ్స్ ఉన్నాయి. మా ఊరి పందిట్లో పాడిన హరికథకి ఏ ఆర్కైవ్ ఉంది? తాతయ్య క్యాసెట్ తప్ప ఇంకోటి లేదు.

ప్రతి రికార్డింగ్ మొదట్లో ఆయన తేదీ, ఊరు, సందర్భం చెప్పేవారు, క్లాసులో హాజరు పిలిచినట్టు. ఆయన పోయాక మాకు మిగిలిన గొంతు అదే. నాయనమ్మ అడిగిన క్యాసెట్ ఒక్కటే వేరు. హరికథ ఇంటికి దగ్గర్లోనే జరిగింది. అయిపోయాక టేపు మిగిలిందని ఆయన రికార్డింగ్ ఆపకుండా ఇంటికొచ్చి, నాయనమ్మని పిలిచి, "ఒక మాట మాట్లాడు" అన్నారట. ఆ తర్వాత ఏం మాట్లాడారో ఆవిడకి గుర్తుంది, మాకు తెలీదు.

డెల్టాలో తేమ సంగతి మీకు తెలిసిందే. ట్రంకు పెట్టె తీసేసరికి కొన్ని టేపుల అంచుల మీద తెల్లగా బూజు కనిపించింది. ఇంకో రెండు వానాకాలాలు ఆగితే ఏమయ్యేదో.

గవర్నర్‌పేటలో ఒక రిపేర్ షాపులో పాత టేప్ డెక్‌కి బెల్టు మార్పించాను. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుచుకుంటూ, లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ పెట్టి, ఆడాసిటీలో రికార్డ్ చేశాను. ఇక్కడ ఏ షార్ట్‌కట్ పని చేయదు. 45 నిమిషాల టేపు ఎక్కించాలంటే 45 నిమిషాలు పడుతుంది. ఆఫీస్ అయ్యాక రోజుకి రెండు క్యాసెట్లు చొప్పున దాదాపు రెండు నెలలు పట్టింది. ఖాళీగా ఉన్న వైపులు పోగా 209 వేవ్ ఫైళ్ళు వచ్చాయి. ఏ వైపు ఎన్ని నిమిషాలు వచ్చిందో ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తాతయ్య అలవాటు కాస్త నాకూ వచ్చిందేమో. ఆ నోట్‌బుక్కే తర్వాత నన్ను కాపాడింది.

వేవ్‌గానే ఎందుకు ఉంచకూడదు?

సీడీ క్వాలిటీ అంటే సెకనుకి 44,100 శాంపిళ్ళు, 16 బిట్లు, రెండు ఛానెళ్ళు. నిమిషానికి 10 ఎంబీ పైనే అవుతుంది. 45 నిమిషాల వైపు ఒక్కటే 476 ఎంబీ. మొత్తం కలిపి 80 జీబీ దాటింది. నా పాత డెస్క్‌టాప్‌లో 500 జీబీ హార్డ్ డిస్క్, అందులో ఖాళీ అంతంత మాత్రం. నాయనమ్మ ఫోన్‌లో అయితే చెప్పక్కర్లేదు.

ఆన్‌లైన్ కన్వర్టర్లు ఒకటి రెండు ఫైళ్ళకి పర్లేదు. 80 జీబీ అప్‌లోడ్ చేసి, మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోవడం జరిగే పని కాదు. పైగా ఇంటి గొంతులు ఎవరి సర్వర్‌కో ఎందుకు ఇవ్వాలి? అందుకే ఫ్రీగా దొరికే ఎఫ్ఎఫ్ఎంపెగ్ తీసుకున్నాను. ఒక ఫైల్ కన్వర్ట్ చేయడానికి ఒక లైన్ చాలు. 209 ఫైళ్ళకి ఆ లైన్‌ని తిప్పడమే షెల్ స్క్రిప్ట్ పని.

మొదటి స్క్రిప్ట్, మొదటి దెబ్బ

లిస్ట్ ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టి, వైల్ లూప్‌లో రీడ్‌తో ఒక్కో పేరు తీసుకుని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి ఇచ్చాను. మొదటి ఫైల్ బాగానే అయ్యింది. రెండోదానికి "ఫైల్ లేదు" అని ఎర్రర్. చూస్తే పేరు మొదట్లో కొన్ని అక్షరాలు మాయం. "1986" కాస్తా "986" అయ్యింది.

బగ్ నా లూప్‌లోనే ఉంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ నడుస్తున్నప్పుడు కీబోర్డ్ నుంచి ఆర్డర్లు వస్తాయేమో అని స్టాండర్డ్ ఇన్‌పుట్ చదువుతూ ఉంటుంది. నా లూప్ కూడా పేర్ల లిస్ట్‌ని అదే దారిలో చదువుతోంది. అంటే లూప్ తినాల్సిన అక్షరాలు ఎఫ్ఎఫ్ఎంపెగ్ తినేస్తోంది. ఇంకా ప్రమాదం ఏంటంటే, ఆ అక్షరాల్లో ఇంగ్లీష్ "క్యూ" దొరికితే దాన్ని క్విట్ అనుకుని కన్వర్షన్ మధ్యలో ఆపేస్తుంది. అది కూడా ఎర్రర్ లేకుండా, పని సక్రమంగా ముగిసినట్టు.

పరిష్కారం ఒక్క ఆప్షన్: హైఫన్ నోఎస్‌టీడీఇన్. స్క్రిప్ట్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ రాసిన ప్రతిసారీ ఇది అలవాటుగా పెట్టేయండి. ఇంకోటి, ఫైల్ పేరున్న వేరియబుల్‌కి చుట్టూ డబుల్ కోట్స్ తప్పనిసరి. లేకపోతే "హరికథ 1986" అనే ఒక్క ఫైల్‌ని షెల్ రెండు ఫైళ్ళనుకుంటుంది.

ఒక కోర్ నుంచి నాలుగు కోర్లకి

ఇప్పుడు స్క్రిప్ట్ కరెక్ట్‌గానే నడుస్తోంది, కానీ నెమ్మదిగా. అప్పుడు నేను ఎంచుకున్నది 128 కేబీపీఎస్ ఎంపీ3. నా పాత ప్రాసెసర్ మీద ఒక్కో వైపుకి ముప్పావు నిమిషం చొప్పున, మొత్తానికి రెండున్నర గంటలు పట్టేలా ఉంది. సిస్టమ్ మానిటర్ తెరిస్తే నాలుగు కోర్లలో ఒక్కటే కష్టపడుతోంది, మిగతా మూడూ కూర్చున్నాయి.

ఎంపీ3 ఎన్‌కోడర్ ఒక ఫైల్‌ని ఒక కోర్ మీదే చేస్తుంది. ఒక ఫైల్‌ని ముక్కలు చేసి పంచడం దానికి రాదు. కాబట్టి స్పీడ్ కావాలంటే నాలుగు ఫైళ్ళని ఒకేసారి మొదలుపెట్టాలి. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. ఫైండ్ కమాండ్‌తో ఫైళ్ళ పేర్లు తీసి, ఎక్స్‌ఆర్గ్స్‌కి ఇచ్చి, హైఫన్ పెద్ద పీ 4 అంటే చాలు. ఒకటి అయిపోగానే ఇంకోటి ఎత్తుకుంటూ ఎప్పుడూ నాలుగు నడిచేలా అదే చూసుకుంటుంది. పేర్లలో స్పేస్‌లు ఉన్నా చెడకుండా ఫైండ్‌కి హైఫన్ ప్రింట్0, ఎక్స్‌ఆర్గ్స్‌కి హైఫన్ 0 పెట్టాలి.

రెండున్నర గంటల పని ముప్పావు గంటకి వచ్చేలా కనిపించింది. ఎనిమిది పెడితే ఇంకా ఫాస్టా అని చూశాను. లేదు. ఉన్నవి నాలుగు కోర్లే. పైగా విజయవాడ ఎండాకాలం, ఏసీ లేని గది. ప్రాసెసర్ వేడెక్కితే తన స్పీడ్ తనే తగ్గించుకుంటుంది. ఎన్‌ప్రాక్ అనే కమాండ్ మీ మెషీన్‌లో ఎన్ని ఉన్నాయో చెప్తుంది, అక్కడితో ఆగండి. ఫ్లాక్‌కి మార్చేటప్పుడు లెక్క ఇంకోలా ఉంటుంది. దానికి ప్రాసెసర్ పని చాలా తక్కువ, అడ్డం పడేది డిస్క్. పాత హార్డ్ డిస్క్ మీద ఒకేసారి చాలా ఫైళ్ళు చదివిస్తే దాని హెడ్ అటూ ఇటూ పరుగెత్తడంతోనే టైం పోతుంది. రెండు చాలు.

కరెంటు పోయిన సాయంత్రం

నాలుగేసి నడుస్తుండగా కరెంటు పోయింది. డెస్క్‌టాప్, యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి చాలా రోజులైంది. పర్లేదనుకున్నాను, ఎందుకంటే నేను తెలివిగా ఒక కండిషన్ రాసి పెట్టుకున్నాను: అవుట్‌పుట్ ఫైల్ ఆల్రెడీ ఉంటే వదిలెయ్, లేకపోతేనే కన్వర్ట్ చెయ్. కరెంటు వచ్చాక మళ్ళీ రన్ కొట్టాను. ఆగిన చోటి నుంచి అందుకుంది. 209 వేవ్‌లు, 209 ఎంపీ3లు. లెక్క సరిపోయింది. నాలుగు ఫైళ్ళు ఓపెన్ చేసి మొదటి నిమిషం విన్నాను. తాతయ్య గొంతు స్పష్టంగా ఉంది. డిస్క్ నిండిపోతోందని వేవ్‌లు డిలీట్ చేశాను. బ్యాకప్ లేదు.

ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. కరెంటు పోయినప్పుడు సగంలో ఉన్న ఫైళ్ళు కూడా డిస్క్ మీద "ఉన్నాయి". నా కండిషన్ వాటిని చూసి, అయిపోయాయి అనుకుని దాటేసింది. ఎంపీ3 సగంలో తెగినా అక్కడి వరకూ చక్కగా పాడుతుంది, ఎర్రర్ రాదు. మామూలు ఎం4ఏ ఫైల్ అయితే ముగింపులో రాయాల్సిన ఇండెక్స్ లేక అసలు ఓపెనే అవ్వదు, తప్పు వెంటనే బయటపడేది.

నాయనమ్మ ఫోన్ పెట్టేశాక నాకు తట్టింది: ఒకేసారి నాలుగు నడుస్తున్నాయి కాబట్టి, తెగినవి కూడా నాలుగే ఉండాలి. ఎఫ్ఎఫ్‌ప్రోబ్ అనే టూల్‌తో ప్రతి ఎంపీ3 నిడివి తీసి నోట్‌బుక్‌తో పోల్చాను. సరిగ్గా నాలుగు తేడా వచ్చాయి.

అదృష్టం, క్యాసెట్లు పారేయలేదు. శనివారం బస్సెక్కి ఊరెళ్ళి నాలుగూ తెచ్చుకున్నాను. మూడు మళ్ళీ ఎక్కాయి. నాయనమ్మ అడిగింది వాటిలో ఉంది. నాలుగోది ఒక భాగవతం రికార్డింగ్, బూజు పట్టిన వాటిలో ఒకటి. మొదటిసారి ఎలాగో ఆడింది. ఈసారి టేపు అతుక్కుపోయి డెక్‌లో చుట్టుకుంది. విడదీసేసరికి చివరి 11 నిమిషాలు పాడైపోయాయి. ఆ 11 నిమిషాలు ఒకప్పుడు నా డిస్క్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిని తుడిచింది డెల్టా తేమ కాదు, నేను.

ఇప్పుడు వాడుతున్న స్క్రిప్ట్

తర్వాత కూర్చుని మళ్ళీ రాశాను. ముప్పై లైన్లు కూడా లేదు. ఒక్కో ఫైల్‌కి అది చేసే పని ఇది:

1. అవుట్‌పుట్‌ని నేరుగా ఫైనల్ ఫోల్డర్‌లో రాయదు. అదే డిస్క్ మీద "వర్క్" అనే వేరే ఫోల్డర్‌లో రాస్తుంది. కరెంటు పోతే సగం ఫైళ్ళు అక్కడే ఉండిపోతాయి. మళ్ళీ రన్ చేసినప్పుడు ముందు ఆ ఫోల్డర్ ఖాళీ అవుతుంది.

2. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ముగిశాక ఎగ్జిట్ కోడ్ చూస్తుంది. సున్నా కాకపోతే ఫెయిల్.

3. సున్నా వచ్చినా నమ్మదు. పైన చెప్పిన "క్యూ" కేసులో కూడా సున్నానే వస్తుంది. ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో అసలు ఫైల్ నిడివి, కొత్త ఫైల్ నిడివి తీసి, అర సెకను కంటే ఎక్కువ తేడా ఉంటే ఫెయిల్.

4. రెండూ పాసైతేనే ఎంవీ కమాండ్‌తో ఫైనల్ ఫోల్డర్‌లోకి జరుపుతుంది. ఒకే ఫైల్ సిస్టమ్ లోపల జరపడం అంటే పేరు మార్చడమే, కాపీ కాదు. అందుకే జరిపే మధ్యలో ఫైనల్ ఫోల్డర్‌లో సగం ఫైల్ కనిపించదు. వేరే డిస్క్‌కి జరిపితే ఈ గ్యారంటీ ఉండదు.

5. ఫెయిలైన వాటి పేర్లు ఒక లాగ్ ఫైల్‌లో రాస్తుంది. చివర్లో ఎన్ని పాస్, ఎన్ని ఫెయిల్ అని చెప్తుంది.

డిలీట్ చేసే లైన్ ఇందులో లేదు. డిలీట్ వేరే పని, వేరే రోజు, ఇంకో డిస్క్‌లో కాపీ ఉందని చూసుకున్నాకే, చేత్తోనే.

ఏ ఫార్మాట్ ఎవరికి?

దాచుకోవడానికి ఫ్లాక్. క్వాలిటీ ఒక్క బిట్ కూడా పోదు, సైజు వేవ్‌లో సగం అటూ ఇటూ అవుతుంది. అసలు ఆడియోకి ఎండీ5 చెక్‌సమ్ ఫైల్ లోపలే ఉంటుంది. ఫ్లాక్ టూల్‌కి హైఫన్ టి ఇస్తే ఫైల్ చెడిపోయిందో లేదో పదేళ్ళ తర్వాత కూడా చెప్పగలదు.

ఫోన్లో వినడానికి ఓపస్. 2012లో స్టాండర్డ్ అయిన ఓపెన్ ఫార్మాట్. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు కూడా ఇందులోనే వెళ్తాయి. టూ-ఇన్-వన్‌లో మోనోగా రికార్డ్ అయిన హరికథకి 48 కేబీపీఎస్ మోనో నాకు సరిపోయింది. 45 నిమిషాలకి 16 ఎంబీ. మొత్తం కలెక్షన్ 3 జీబీ లోపే. కొన్ని పాత మ్యూజిక్ యాప్‌లు డాట్ ఓపస్ ఎక్స్‌టెన్షన్‌ని గుర్తుపట్టవు, పేరు డాట్ ఓజీజీ అని మారిస్తే పాడతాయి.

మావయ్య కారులో పెన్‌డ్రైవ్‌కి, గుళ్ళో మైక్ సెట్‌కి ఎంపీ3. సైజు ఎక్కువే, కానీ అది పాడని ప్లేయర్ ఉండదు.

ఒక జాగ్రత్త: నాయిస్ తగ్గించడం, వాల్యూమ్ పెంచడం లాంటి ఫిల్టర్లు వినే కాపీల మీదే వాడండి. దాచుకునే ఫ్లాక్‌ని ముట్టుకోకండి. రేపు ఇంకా మంచి టూల్ వస్తుంది.

తెలుగు ఫైల్ పేర్లతో ఒక చిక్కు

ఫైళ్ళకి నేను తెలుగులోనే పేర్లు పెట్టాను. విండోస్‌లో బాగానే ఉన్న ఒక పెద్ద పేరు లైనక్స్‌కి కాపీ అవ్వనంది. విండోస్ డిస్క్‌లో పేరు 255 యూనిట్ల వరకూ ఉండొచ్చు. లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4లో లిమిట్ 255 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు క్యారెక్టర్ ఒక్కోటి 3 బైట్లు. గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. "శ్రీ" ఒక్కటే 4 క్యారెక్టర్లు, అంటే 12 బైట్లు. మొత్తం 85 క్యారెక్టర్లే పడతాయి. పేరు చిన్నగా ఉంచి, మిగతా వివరాలు ఫైల్ లోపలి ట్యాగ్‌లలో పెట్టండి.

పీసీ లేదా? ఫోన్ చాలు

ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ యాప్ ఉంటే ఇదే స్క్రిప్ట్ ఫోన్లో నడుస్తుంది. ఎఫ్-డ్రాయిడ్ నుంచి ఇన్‌స్టాల్ చేసుకుని, పీకేజీ ఇన్‌స్టాల్ అని ఎఫ్ఎఫ్ఎంపెగ్ తెచ్చుకోండి. టెర్మక్స్-సెటప్-స్టోరేజ్ కమాండ్‌తో ఫోల్డర్ల పర్మిషన్ ఇవ్వండి. స్క్రీన్ ఆఫ్ అయినా ఆగకుండా టెర్మక్స్-వేక్-లాక్ ఆన్ చేయండి. ఒకేసారి రెండు ఫైళ్ళకి మించి పెట్టొద్దు. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్యాక్‌గ్రౌండ్‌లో యాప్‌లు నడిపే ప్రాసెస్‌లు ఎక్కువైతే, లేదా ప్రాసెసర్‌ని ఎక్కువ తింటే, సిస్టమే వాటిని చంపేస్తుంది. మళ్ళీ సగం ఫైళ్ళు! అందుకే నిడివి చెక్ ఫోన్లో ఇంకా ముఖ్యం.

చివరి మాట

కన్వర్షన్‌ని రెండున్నర గంటల నుంచి ముప్పావు గంటకి తెచ్చానని మురిసిపోయాను. మిగిలింది గంటా ముప్పావు. పణంగా పెట్టింది రెండు నెలల రికార్డింగ్, ఇంక ఆడని ఒక టేపు. చెక్ చేసే లైన్లు కలిపాక ఫైల్‌కి అర సెకను కూడా ఎక్కువ పట్టట్లేదు. మీ స్క్రిప్ట్ ఎంత ఫాస్ట్ అని కాదు, "అయిపోయింది" అని అది చెప్పినప్పుడు నమ్మొచ్చా లేదా అన్నదే చూసుకోండి. మీ ఇంట్లో కూడా క్యాసెట్ల పెట్టె ఉంటే ఈ వానాకాలం రాకముందే దింపండి.

నాయనమ్మకి ఆ ఫైల్ ఫోన్లో వేసి ఇచ్చాను. హరికథ మంగళం అయ్యాక కాసేపు కీచురాళ్ళ చప్పుడు. తర్వాత తాతయ్య గొంతు: "ఏమేవ్, ఇలా వచ్చి ఒక మాట మాట్లాడు." కొంచెం దూరం నుంచి నాయనమ్మ గొంతు, ఇప్పటికంటే చాలా చిన్నగా: "నాకేం మాటలొస్తాయండీ, కాలవకి నీళ్ళొదిలారట, అది చెప్పండి."

ఆ తర్వాత ఇద్దరి నవ్వు, అక్కడ టేపు అయిపోయింది. ఈసారి నిజంగానే అయిపోయింది. నిడివి చెక్ చేశాను.